రన్‌వే మీద అద్దె ఇల్లు (భూమి కథలు – 9)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, శిఖం భూముల గురించి రాస్తూ రాస్తూ మధ్యలో ఫిలిప్పీన్స్ ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మా నాయన దగ్గరుంది.

ఏప్రిల్‌లో కాలేజీ వాళ్లు మా గెస్టు లెక్చరర్లందర్నీ ఎప్పటిలాగే ఇంటికి పంపారు. జూన్‌లో పిలుస్తామన్నారు. జూన్ పోయింది, జూలై పోయింది. తెలుగులో పీహెచ్‌డీ చేసినవాడు ఖాళీగా కూర్చుంటే వాడకట్టులో ఎన్ని మాటలు పుడతాయో మీలో చాలామందికి తెలుసు. సరిగ్గా అప్పుడే నా సహచరికి వాళ్ల కంపెనీ మనీలాలో పదకొండు నెలల పని చెప్పింది. ఆమె ఉద్యోగానికి, నేను వంటకి. అలా పోయాం.

వెళ్లిన వారానికి నాయనకి వీడియో కాల్ చేసి కిటికీలోంచి ఊరు చూపించాను. అద్దాల మేడలు, కింద చీమల్లా కార్లు. నాయన చాలాసేపు చూశాడు. బాగుందనలేదు. "ఎవల భూమిరా అది?" అన్నాడు.

ఆయన ఏ అద్దాల మేడ చూసినా అదే అడుగుతాడు. మా తాతకి 1970లలో రెండెకరాల లావణి పట్టా ఇచ్చారు. రాళ్లు ఏరడానికే మూడేళ్లు పట్టిందంటారు. తర్వాత ప్రజా ప్రయోజనమని ఒక కాగితం పంపి సర్కారు దాన్ని వెనక్కి తీసుకుంది. అసైన్డ్ భూమి కదా, ఇచ్చిన వాళ్లే తీసుకున్నారు, ఇక నష్టపరిహారం ఏంటి అన్నారు. అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర కట్టాలని చేవెళ్ల డివిజన్ కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో తీర్పు చెప్పింది. మా రెండెకరాలు అప్పటికే గోడ లోపలికి పోయాయి. ఇప్పుడక్కడ తిన్నటి రోడ్డు, రోడ్డుకిరువైపులా అద్దాలు.

అందుకే ఆ పదకొండు నెలలూ వంట అయ్యాక నేను చేసిన పని ఒక్కటే. నాయన ప్రశ్నకి జవాబు వెతకడం.

మేమున్నది మకాటీలో. మెట్రో మనీలాలోని ఊళ్లలో ఒకటి, దేశం డబ్బంతా లెక్కబెట్టే చోటు. బ్యాంకులు, స్టాక్ బ్రోకర్లు, రాయబార కార్యాలయాలు, కాల్ సెంటర్లు. మేమున్న భాగం పేరు లెగాస్పి విలేజ్. విలేజ్ అన్న మాట చూసి మా అమ్మ బర్రెలున్నాయా అని అడిగింది. అక్కడ విలేజ్ అంటే రియల్ ఎస్టేట్ వెంచరు. లెగాస్పి, సల్సేడో విలేజ్‌లలోనైనా ఎవరైనా నడవొచ్చు. ఫోర్బ్స్ పార్క్, దస్మరీన్యాస్ లాంటి విలేజ్‌లకి గేటుంటుంది, గేటు దగ్గర తుపాకీతో గార్డుంటాడు. లోపలి వాళ్లెవరైనా రమ్మన్నారని తేలితేనే దారి. నేను ఫోర్బ్స్ పార్క్ గేటు దాకా రెండుసార్లు పోయాను. రెండోసారి గార్డు నవ్వి, "సర్, డెలివరీనా?" అన్నాడు. ఊరు బయట వాడని పెట్టి, వాడ నుంచి ఊళ్లోకి చెప్పులిప్పి రమ్మన్న జాతి మనది. గేటు కొత్తగా అనిపించలేదు.

కిటికీలోంచి చూస్తే అయాలా అవెన్యూ గీత గీసినట్టు తిన్నగా కనపడేది. మిగతా మనీలా అంతా వంకర టింకర సందులే, ఇదొక్కటే ఎందుకింత తిన్నగా ఉందని మొదటి నెలంతా ఆలోచించాను. కారణం తెలిశాక ఆ రోడ్డు మీద నడుస్తుంటే ఆకాశం వైపు చూడకుండా ఉండలేకపోయాను. అది రోడ్డుగా పుట్టలేదు. 1937లో అక్కడ నీల్సన్ ఫీల్డ్ అనే విమానాశ్రయం తెరిచారు. దాని రన్‌వేలే తర్వాత రెండు పెద్ద రోడ్లయ్యాయి. ఒకటి అయాలా అవెన్యూ, రెండోది పసేయో దె రోహాస్. ఈ రెండింటికీ మకాటీ అవెన్యూకీ మధ్య మిగిలిన ముక్కోణం ఇవాళ తోట. విమానాలకి దారి చెప్పిన పాత టవరు ఆ పక్కనే చిన్న తెల్ల భవనంగా ఇంకా నిలబడి ఉంది. అంటే నేను ఉల్లిపాయలు తరిగిన వంటగది ఒక విమానాశ్రయం అంచున ఉందన్నమాట.

రన్‌వే కింద ఏముంది? అక్కణ్ణుంచి అసలు కథ.

ఊరి పాత పేరు సాన్ పెడ్రో మకాటీ. పదిహేడో శతాబ్దం మొదట్లో ఆ భూమి జెసూట్ పాదిరీల చేతికి వచ్చింది. పాసిగ్ నది ఒడ్డున చర్చి కట్టారు, ఎర్రమట్టితో కుండలు చేయించారు, మిగతాది హసియెండా, అంటే మన భాషలో జాగీరు. 1768లో స్పెయిన్ రాజు జెసూట్లని ఆ దీవుల నుంచి వెళ్లగొట్టాడు. భూమి ప్రభుత్వం చేతికొచ్చింది. దున్నేవాళ్లకి పంచారేమో అని నాలాగే మీకూ క్షణం ఆశ కలిగిందా? వేలం వేశారు. ఒక మార్కీ కొన్నాడు. చేతులు మారుతూ మారుతూ 1851లో హోసే బొనిఫాసియో రోహాస్ అనే ఆయన 52,800 పెసోలకి జాగీరు మొత్తం కొన్నాడు. అక్కణ్ణుంచి అది కొనుగోళ్ల మీద పోలేదు, పెళ్లిళ్ల మీద పోయింది. రోహాస్‌ల నుంచి అయాలాలకి, అయాలాల నుంచి సోబెల్‌లకి. ఇవాళ ఆ రోడ్ల పేర్లు, ఆ కంపెనీ పేరు, ఆ వంశం పేరు ఒక్కటే. మన దగ్గర దొర గడి కూలిపోయినా దొర ఇంటిపేరు ఇంజనీరింగ్ కాలేజీ బోర్డు మీద కనపడుతుంది కదా, అలాగే.

జాగీరు కింద రెండు మెట్లుండేవి. యజమాని దగ్గర కౌలుకి తీసుకునేవాడు ఇన్కిలీనో. అతని దగ్గర పాలుకి దున్నేవాడు కసమా. ఈ కసమా అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తగాలోగ్ భాషలో దానికి తోడుండేవాడు, సహచరుడు అని అర్థం. బురదలో దిగేవాణ్ణి తోడు అని పిలిచి పంటలో వాటా పట్టుకుపోయారు. ఆ మాటనే తర్వాత అక్కడి ఉద్యమకారులు తీసుకున్నారు. ఇవాళ మనీలాలో ఒక కార్యకర్త ఇంకో కార్యకర్తని కసమా అని పిలుస్తాడు, మనం కామ్రేడ్ అన్నట్టు. మాటల చరిత్ర మీద థీసిస్ రాసినవాణ్ణి నేను, ఇంత బరువైన మాట మన నిఘంటువుల్లో నాకు దొరకలేదు.

చర్చి భూముల మీద కోపం 1896 విప్లవానికి పెద్ద కారణం. హోసే రిసాల్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన కుటుంబం కలంబాలో డొమినికన్ పాదిరీల జాగీరులో కౌలుదార్లు. కౌలు పెంచడాన్ని ప్రశ్నించినందుకు వాళ్లని ఇళ్లలోంచి గెంటేశారు. విప్లవం అయ్యాక అమెరికా వాళ్లొచ్చి 1903లో చర్చి భూముల్ని 70 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. సుమారు 4 లక్షల ఎకరాలు. రైతులకి వాయిదాల మీద అమ్ముతామన్నారు. వాయిదా కట్టగలిగినవాడు ఎవడో ఊహించుకోండి. మకాటీకి ఆ గొడవ కూడా లేదు. అప్పటికే అది చర్చి భూమి కాదు, ప్రైవేటు భూమి. ఒక సంస్కరణ పక్కనుంచే వెళ్లిపోయింది.

1945 ఫిబ్రవరిలో జపాన్, అమెరికా సైన్యాలు మనీలాలో నెల రోజులు కొట్టుకున్నాయి. సుమారు లక్షమంది మామూలు జనం చచ్చిపోయారు. పాత వ్యాపారమంతా ఎస్కోల్తా వీధిలో ఉండేది, అది బూడిదయింది. యుద్ధం తర్వాత అయాలాల ఇంటి అల్లుడు జోసెఫ్ మెక్‌మికింగ్ కుటుంబాన్ని కూర్చోబెట్టి, గడ్డీ చిత్తడీ ఉన్న ఈ జాగీరు మీద ఒక ప్లాను గీయించాడు. ముందు డబ్బున్నవాళ్లకి ఫోర్బ్స్ పార్క్, తర్వాత మిగతా విలేజ్‌లు, మధ్యలో రన్‌వేల మీద ఆఫీసులు. ఆయన తెలివిని తక్కువ చేయను. కాలువలు, ఫుట్‌పాత్‌లు, చెట్లు, రోడ్డు దాటడానికి భూమి కింద దారులు ఇప్పటికీ బాగా పనిచేస్తున్నాయి. వానాకాలంలో మనీలా మోకాల్లోతు మునిగినప్పుడు కూడా మా వీధిలో నేను చెప్పులతోనే తిరిగాను. ఊరంతటికీ అలా ఎందుకు కట్టలేదన్నదే నా కంప్లయింటు. ఒక కుటుంబం చేతిలో ఉన్న ముక్కకి ప్లానుంది, మిగతా ఊరికి లేదు.

మకాటీ అన్న పేరు గురించి అక్కడ ఒక పిట్టకథ చెప్పుకుంటారు. స్పెయిన్ సేనాని లెగాస్పి పడవ దిగి ఈ చోటు పేరేంటని అడిగాడట. భాష అర్థంకాక జనం నది వైపు చూపించి, నీళ్లు తీస్తున్నాయి, ఆటు మొదలైంది అన్నారట. కాటి అంటే ఆటు. ఆయన అదే పేరనుకున్నాడు. ఇవాళ్టి వాడుకలో మకాటీ అంటే దురద అని కూడా అర్థం. పదకొండు నెలల్లో ఈ జోకు నాకు ఇరవైమంది చెప్పారు.

నాకు ఆ జోకు మొదట చెప్పింది మా వీధి చివర జాలీజీప్ నడిపే ఆవిడ. జాలీజీప్ అంటే రేకు డబ్బాలాంటి చిన్న తిండి బండి. ఆఫీసు కాంటీన్లలో తినలేని వాళ్లు, అంటే క్లీనర్లు, గార్డులు, మెసెంజర్లు, జీతం రాని నెలలో గుమాస్తాలు కూడా అక్కడ నిలబడి అన్నం, కూర తింటారు. అక్కని అక్కడ ఆతే అంటారు, అన్నని కూయా. నేనామెని ఆతే అనేవాణ్ణి, ఆవిడ నన్ను మొదట సర్ అనీ, రెండో వారానికి బుంబాయ్ అనీ పిలిచింది. ఇండియా వాళ్లందరికీ అక్కడ అదే పేరు. స్కూటర్ మీద తిరుగుతూ వడ్డీకి అప్పులిచ్చే పంజాబీల వల్ల వచ్చిన గుర్తింపు. ఐదిచ్చి ఆరు తీసుకుంటారు కాబట్టి ఆ వ్యాపారం పేరే ఫైవ్-సిక్స్. "నువ్వూ అప్పులిస్తావా?" అని అడిగింది. నాకే అప్పులున్నాయని చెప్పాను. ఆ రోజు కూర రెండు గరిటెలు ఎక్కువ పడింది.

మా బిల్డింగులో గార్డు, లిఫ్టు తుడిచే అబ్బాయి, ఇద్దరూ ఐదో నెలలో మారిపోయారు. నాకు అలవాటైన మొహాలు ఒక సోమవారం లేవు. ఆతేని అడిగితే, "ఎండో" అంది. ఎండ్ ఆఫ్ కాంట్రాక్ట్‌ని కురచ చేసి పుట్టించిన మాట. అక్కడి చట్టం ప్రకారం ఆరు నెలల ప్రొబేషన్ దాటితే మనిషి పర్మనెంటు. కాబట్టి ఐదో నెలలోనే పంపేస్తారు, ఇంకొకణ్ణి తెస్తారు, లేదా అతన్నే ఇంకో ఏజెన్సీ పేరు మీద మళ్లీ తెస్తారు. 2016 ఎన్నికల్లో డుటర్టే ఎండోని ఎండ్ చేస్తానని ఓట్లడిగాడు. 2019లో చట్టసభ చట్టం చేసి పంపితే ఆయనే వీటో చేశాడు. ఏప్రిల్‌లో పంపి జూన్‌లో పిలుస్తామనే మా పద్ధతికి తెలుగులో ఇంతవరకు ఒక పేరు లేదు. ఎండోకన్నా మనం వెనకబడ్డాం, కనీసం దానికి తిట్టులాంటి పేరుంది.

ఇక మకాటీ పక్కనే బొనిఫాసియో గ్లోబల్ సిటీ. దీని గురించి రాయకుండా ఈ భాగం ముగించలేను.

అంద్రెస్ బొనిఫాసియో టొండో వాడ మనిషి. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే చేతికర్రలు, కాగితపు విసనకర్రలు చేసి అమ్మి తమ్ముళ్లని సాకాడు. తర్వాత ఒక విదేశీ కంపెనీ గోడౌన్లో పని. అక్కడ పనిచేస్తూనే కతిపునాన్ అనే రహస్య సంఘం పెట్టి స్పెయిన్ మీద విప్లవం లేపాడు. 1897 మార్చి 22న తెహేరోస్‌లో విప్లవ ప్రభుత్వాన్ని ఎన్నుకోవడానికి సభ జరిగింది. విప్లవం మొదలుపెట్టినవాడికి అధ్యక్ష పదవి రాలేదు, ఆంతరంగిక మంత్రిగా ఎన్నుకున్నారు. వెంటనే డానియెల్ తిరోనా అనే పెద్దమనిషి లేచి, ఆ పదవికి లాయరు డిప్లొమా ఉన్నవాడు కావాలని అభ్యంతరం చెప్పాడు. రెండు నెలలు తిరక్కముందే, మే 10న, బొనిఫాసియోని, అతని తమ్ముణ్ణి స్పెయిన్ వాళ్లు కాదు, తమ విప్లవ ప్రభుత్వమే కొండల్లోకి తీసుకుపోయి చంపింది.

ఆ డిప్లొమా మాట చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక ఇంటర్వ్యూ బోర్డులో నా పీహెచ్‌డీ కాగితం తిరగేసి "రిజర్వేషన్లో వచ్చిందా?" అని నవ్విన మనిషి మొహం కళ్ల ముందుకొచ్చింది. డిప్లొమా లేనివాణ్ణి లేదని ఆపుతారు, ఉన్నవాణ్ణి ఎలా వచ్చిందని ఆపుతారు.

అమెరికా వాళ్లు అక్కడ కట్టిన సైనిక స్థావరానికి ముందు తమ అధ్యక్షుడు మెకిన్లీ పేరు పెట్టారు. అది ఫిలిప్పీన్స్ చేతికొచ్చాక 1957లో ఫోర్ట్ బొనిఫాసియో అయింది. 1992లో స్థావరాల భూముల్ని అమ్మి అభివృద్ధి చేయడానికి చట్టం చేశారు. ఇవాళ ఆ గోడౌన్ కూలీ పేరు మీద దేశంలోకెల్లా ఖరీదైన ఫ్లాట్లు అమ్ముతున్నారు. మన దగ్గర బాబాసాహెబ్ పేరు పెట్టి కట్టే భవనాల లోపల ఎవరు కూర్చుంటున్నారో చూసినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ స్థావరం అంచున కింది ర్యాంకు సైనికులకి ఇళ్లిచ్చిన పేటలున్నాయి, సెంబో, పెంబో, రెంబో. ఎంబో అంటే ఎన్‌లిస్టెడ్ మెన్స్ బారియో, అంటే సిపాయిల వాడ. వీటి మీద మకాటీ, తగీగ్ నగరాలు దాదాపు ముప్పయ్యేళ్లు కోర్టులో కొట్లాడాయి. చివరికి సుప్రీంకోర్టు తగీగ్‌కి ఇచ్చింది. 2023లో పది పేటల జనం నిద్రలేచేసరికి వేరే ఊరివాళ్లయ్యారు. మకాటీ పిల్లలకి ఉచితంగా ఇచ్చే బడి సామాను, ముసలివాళ్లకిచ్చే బ్లూ కార్డు సౌకర్యాలు ఏమవుతాయన్నదే అక్కడ జనానికి అసలు దిగులు.

సిపాయిలంటే గుర్తొచ్చింది. 1762లో ఇంగ్లీషు వాళ్లు మనీలాని పట్టుకున్నారు. ఆ దండు బయల్దేరింది మన మద్రాసు నుంచి. అందులో సుమారు 600 మంది సిపాయిలు. అక్టోబరు 6న ఊరు లొంగింది, 1764లో ఇంగ్లీషు వాళ్లు ఓడలెక్కారు. సిపాయిల్లో కొందరు ఎక్కలేదు. పాసిగ్ నది మీదుగా పైకి పోయి కయింతా అనే ఊళ్లో అక్కడి ఆడవాళ్లని పెళ్లి చేసుకుని ఉండిపోయారు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిలందర్నీ తిలంగాలు అనేవాళ్లు, ఆ పేరు మన తెలుగు నేల నుంచి పోయిందే. అప్పటి మద్రాసు సైన్యంలో పరయలకీ, మాలలకీ చోటుండేది. తర్వాత వందేళ్లకి, మీది యుద్ధవీరుల కులం కాదని తలుపులు మూశారు. ఒక ఆదివారం జీప్నీలు మారి కయింతా పోయాను. చర్చి దగ్గర ఒక పెద్దాయన నా చేతి పక్కన తన చేయి పెట్టి రంగు చూపించి నవ్వాడు. "మా తాతలు బుంబాయ్‌లే" అన్నాడు. తెల్లబడే సబ్బులు ప్రతి కొట్లోనూ వేలాడే దేశంలో ఆయన ఆ మాట గర్వంగా చెప్పాడు. ఇంటిపేరు అడగలేదు.

అడిగినవాళ్లు వేరే ఉన్నారు. మకాటీలోనే, ఒక తెలుగు కుటుంబం ఉగాదికి పిలిస్తే పోయాం. పచ్చడి బాగుంది. పది నిమిషాలకి ఒకాయన నా ఊరడిగాడు, ఊళ్లో ఏ వైపు అన్నాడు, ఇంటిపేరడిగాడు. ఇంటిపేరు చెప్పగానే కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు. అంతే. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి నెల పిక్నిక్కి మాకు తప్ప అందరికీ మెసేజి వెళ్లిందని సహచరికి ఆఫీసులో తెలిసింది. ఆమె మూడు రోజులు దాని గురించి మాట్లాడలేదు. నాలుగో రోజు ఆతే బండి దగ్గరికి తీసుకుపోయి పంది మాంసం అడోబో తినిపించింది.

దీన్నిబట్టి ఫిలిప్పీన్స్‌లో అంతా సమానమే అని రాస్తే అబద్ధం రాసినట్టు. మా బిల్డింగులో పనిమనుషులకి వేరే లిఫ్టు. ఫ్లాట్లలో పనిమనిషి గది అని ఒకటుంటుంది, కిటికీ లేకుండా, మనిషి కాళ్లు చాపితే తలుపు తగిలేంత. వాళ్ల కోసం 2013లో చట్టం వచ్చింది, కనీస జీతం, వారానికో రోజు సెలవు అందులో రాశారు. గది కొలత మాత్రం మారలేదు.

తిరిగొచ్చే ముందు వారం నాయనకి ఫోన్లో మొత్తం చెప్పాను. పాదిరీలు, వేలం, 52,800 పెసోలు, పెళ్లిళ్లు, విమానాలు, అద్దాలు. మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"మరి దున్నినోళ్లు ఎటు పోయిన్రు?" అన్నాడు.

మనీలా పేదల్ని 1963లో లారీలెక్కించి తీసుకుపోయి దింపిన ఒక చోటుంది, బులకాన్‌లో, సపాంగ్ పలాయ్. దారిలో తినడానికి ఆతే అన్నం పొట్లం కట్టిచ్చింది. పొద్దున్నే బస్సెక్కాను. ఆ సంగతి వచ్చే ఆదివారం.